పోయిందంటే ఏడికని అడగాలె

మా కోడి మేడం పోయారన్న కబురు నాకు క్యాబులో తెలిసింది. రోజూ పొద్దున కొంపల్లిలో నన్ను ఎక్కించుకుని, అల్వాల్ వెళ్లి ఆమెను ఎక్కించుకుని, శామీర్‌పేట మీదుగా ఇద్దరినీ తుర్కపల్లిలో దింపే క్యాబు అది. ఆ మంగళవారం పొద్దున రోజూ వచ్చే ఆమె ఫోను రాలేదు, మరిచిపోయారనుకున్నాను; నేను ఎక్కి కూర్చున్నా డ్రైవరు బండి కదిలించలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"మేడం, ఇయ్యాల అల్వాల్‌ల ఎక్కేటోళ్లు లేరు. కోడి మేడం పోయింది," అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

అతను అద్దంలో నన్ను చూశాడు. నేను మామూలుగానే అడిగానని అర్థమై తల దించుకున్నాడు. "ఏడికంటె ఏం జెప్పాలె మేడం. నిద్రల్నే పోయింది. గుండె ఆగిందట."

చావు కబురు చెబితే ఎక్కడికి అని అడిగిన మనిషిని మీరు ఏమనుకున్నా నేను కాదనను. కాని ఆ ప్రశ్న నాకు నేర్పింది ఆ పోయిన మనిషే. ఒకప్పుడు నేను ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల మేడ్చల్‌లో నిక్షేపంలా ఉన్న ఒక టైలరును కాగితం మీద చంపేశాను. ఆ రోజున ఆమె నాకు నేర్పడం మొదలుపెట్టి, మొన్న సోమవారం సాయంత్రం దాకా మానలేదు.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. పక్షవాతం వచ్చినవాళ్లకూ, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకూ, చేతులు వణికే జబ్బువాళ్లకూ పోయిన కదలికను తిరిగి తెప్పించే దారులు వెతికే పరిశోధన కేంద్రం మాది. ఒక్కో పరిశోధనకు ఒక డాక్టరు ఉంటారు, వ్యాయామాలు చేయించేవాళ్లు ఉంటారు, చేతులకూ కాళ్లకూ తొడిగే యంత్రాలు తయారుచేసే ఇంజనీర్లు ఉంటారు. ఎవరి లోకం వారిది. డాక్టరుగారు రమ్మన్న రోజున యంత్రం రిపేరులో ఉంటుంది. యంత్రం బాగైన రోజున పేషెంటు మేనకోడలి పెళ్లిలో ఉంటాడు. వీళ్లందరినీ ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే గదిలో కూర్చోబెట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని కోఆర్డినేటర్ అంటారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చే మా పేషెంట్లకు ఆ మాట నోరు తిరగలేదు. నోరు తిరగకపోవడమే కొందరి జబ్బు కాబట్టి ఎవరూ దిద్దలేదు. కోడినేటరమ్మ అన్నారు, తర్వాత కోడి మేడం అన్నారు, అదే నిలిచిపోయింది.

పేరు ఆమెకు అతికినట్టు సరిపోయింది కూడా. పొద్దున ఆరింటికి ఆమె ఫోన్లు మొదలయ్యేవి. ఆ రోజు రావాల్సిన ప్రతి పేషెంటుకూ, ఆ తర్వాత నాకూ, చివర్న మా పెద్ద డాక్టరుగారికీ. "లేసినవా? గోలీ ఏసుకున్నవా? జర ఏమన్న తిని తయారుండు, బండొస్తది." డాక్టరుగారికి గోలీ ప్రశ్న ఒక్కటి తగ్గించేవారు, అంతే తేడా. "నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకుందట వెనకటికి ఓ ముసలమ్మ," అని ఆయన ఒకసారి అందరి ముందూ ఎగతాళి చేశారు.

"తెల్లారుతది సార్. తెల్లారక ఏడికి పోతది? గాని మీరు లేవరు," అన్నారామె. ఆయన ఆ తర్వాత ఆ సామెత ఎత్తలేదు.

నాది తణుకు దగ్గర పల్లె. ఫిజియోథెరపీ చదివి, నాలుగేళ్ల కిందట ఆమెకు సహాయకురాలిగా చేరాను. తెలుగు వచ్చు కదా, పేషెంట్లతో మాట్లాడడానికి ఇబ్బందేముంటుంది అనుకున్నాను. నాకు వచ్చింది సగం తెలుగేనని మొదటి వారంలోనే తేలిపోయింది. పక్షవాతం తర్వాత మాట ఎంత స్పష్టంగా ఉందో చూసే పరీక్ష ఒకటుంది. కొన్ని మాటలు పలికించి, తేడా వచ్చిన అక్షరం పక్కన గుర్తు పెట్టాలి. నేను మహా శ్రద్ధగా పెట్టాను. చల్ల అనమంటే ఒకాయన సల్ల అన్నాడు. చెయ్యి అనమంటే ఒకామె సెయ్యి అంది. వరసగా పదకొండు మందికి 'చ' పలికే శక్తి పూర్తిగా పోయిందని రాసి, ఇదేదో ఎవరూ కనిపెట్టని విషయం కనిపెట్టేశానని లోపల పొంగిపోతూ ఆ కాగితాలు ఆమె ముందు పెట్టాను.

ఆమె కళ్లజోడు సర్దుకుని అన్నీ చదివారు. "బిడ్డా, గీ కాయితాల్ల ఒగ పేరు తక్కువున్నది," అన్నారు.

"ఎవరిది మేడం?"

"నాది. నాకు గూడ సిన్నప్పటిసంది సల్ల సల్లనే. మా అవ్వకు గట్లనే, మా నాయినకు గట్లనే. శామీర్‌పేటంత తోల్కొస్త, అందర్ని సేర్పిచ్చుకుంటవా?"

నేను సిగ్గుతో భూమిలోకి కుంగిపోయాను. ఆమె కోప్పడలేదు. "రోగం ఇంగ్లీషుల ఉంటది బిడ్డా. మనిషి తెలుగుల ఉంటడు. గది గూడ వాని ఊరి తెలుగుల. ముందుగాల మనిషిని ఇను," అని కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టారు. పదకొండు మందినీ మళ్లీ పరీక్షించాను. తొమ్మిది మందికి మాట శుభ్రంగా ఉంది.

ఈ ఊరి తెలుగు గొడవ ఆమెకు నాతోనే కాదు, యంత్రాలతోనూ ఉండేది. బిగుసుకుపోయిన వేళ్లను మెల్లగా తెరిపించే చేతి తొడుగు ఒకటి మా ఇంజనీర్లు తయారుచేశారు. అది మాట్లాడుతుంది కూడా. "దయచేసి మీ హస్తమును సంపూర్ణముగా తెరువుడు" అనేది. మొదటిరోజు ఆ గొంతు విన్న ఒక పెద్దాయన బాగున్న చేతిని నుదుటికి ఆనించి దానికి దండం పెట్టాడు. మేడం ఇంజనీర్లను పిలిపించారు. "గిట్ల దేవునితోటి మాట్లాడినట్టు మాట్లాడితె వాళ్లు సెయ్యి ఇప్పరు, మొక్కుతరు," అన్నారు. ఆ మధ్యాహ్నమే ఒక గదిలో తలుపు వేసుకుని తన గొంతుతో చెప్పి ఇచ్చారు. అప్పటినుంచి మా తొడుగులన్నీ "సెయ్యి ఇప్పు. ఇంక ఇప్పు. ఇంకింత... శభాష్!" అంటాయి. కొంతమంది దానికి తిరిగి జవాబు కూడా చెబుతారు.

పరిశోధనలో చేరే ప్రతివాళ్లకూ ఒప్పుకోలు కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. అందులో "సదరు అధ్యయనము నుండి ఏ సమయమునందైనను వైదొలగు స్వేచ్ఛ కలదు" అని ఉంటుంది. ఆమె ముందు అక్షరం పొల్లుపోకుండా చదివి, కాగితం బల్ల మీద పెట్టి, అప్పుడు అసలు సంగతి చెప్పేవారు. "ఇష్టం లేకుంటె నడుమల్నే ఇడిసిపెట్టి పోవచ్చు. ఎవ్వలు ఏమనరు. గాని పోయేటప్పుడు సెప్పి పోవాలె." అందరూ బుద్ధిగా తలలూపేవారు.

మనుషుల వెంట ఇంతగా పడడం ఎందుకని ఒకసారి క్యాబులో అడిగాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "మా నాయిన పచ్చవాతంతోటి పడ్డప్పుడు ఊరంత ఒచ్చింది. అరటిపండ్లు వెట్టిండ్రు, సూసిండ్రు, పోయిండ్రు. ఏడేండ్లు మంచంల ఉన్నడు. గా సెయ్యి పట్టుకొని ఒక్కసారన్న లేపి సూద్దామని ఎవ్వలకు తెల్వలే. నాకు గూడ తెల్వలే." వెంటనే డ్రైవరు వైపు తిరిగి, "తమ్మీ, ఏసీ తగ్గియ్యి, సలి పెడ్తాంది," అన్నారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక టైలరు. మేడ్చల్ బస్ డిపో దగ్గర ఆయనకు చిన్న దుకాణం. పక్షవాతం వచ్చి కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయింది. దుకాణం షట్టరు దించి ఏడాది దాటింది. తొడుగు పరిశోధనలో చేరాడు. అక్కడ పరీక్ష అంటే తొమ్మిది కంతలున్న పలకలో తొమ్మిది పుల్లలు గుచ్చి తీయడం. ఆయనకు ఆ పలకను చూస్తే ఒళ్లు మంట. "గీ పుల్లలు వెట్టుడు నేర్సుకొని నేనేం జెయ్యాలె? నాకు కత్తెర పట్టుడు రావాలె," అని రోజూ పేచీ. మేడం ఇంటినుంచి ఒక డబ్బా నిండా పాత చొక్కాల గుండీలు తెచ్చి ఆయన ముందు పోశారు. "పుల్లలు డాక్టర్ సాబుకు. గుండీలు నీకు. రెండు గూడ ఏరు," అన్నారు. ఆర్నెల్లు ఏరాడు.

ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. చెప్పిన రోజున వచ్చి, వేళ్లు మెరుగుపడ్డాయని అందులో తేలితే, రెండో విడతలో ఆ తొడుగు ఇంటికి ఇస్తారు. ఆ రోజు తప్పితే ఆర్నెల్ల శ్రమ పనికిరాదు, తొడుగు తర్వాతివాళ్లకు పోతుంది. దుకాణం షట్టరు లేవడమా, దించినది దించినట్టు ఉండిపోవడమా అన్నది ఆ ఒక్క రోజు మీద ఉంది.

ముందురోజు మేడం తొడుగుల పని మీద ఇంజనీర్ల దగ్గరికి సిటీకి వెళ్లారు. పేషెంటుకు రేపటి సంగతి గుర్తుచేసే పని నాకు అప్పగించారు. పదింటికి ఫోను చేస్తే టైలరు భార్య ఎత్తింది.

"ఆయన ఉన్నారా అమ్మా?"

అవతల గట్టిగా ముక్కు చీదిన చప్పుడు. "ఏడున్నడు బిడ్డా! పోయిండు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో! ఎప్పుడమ్మా?"

"పొద్దుగాల ఆరింటికే. వద్దు వద్దని మొత్తుకున్న. ఇనలే. గోలీలన్ని గీడ్నే ఇడిసిపెట్టి పోయిండు."

"బాధ... బాధపడ్డారా?"

"బాధేంది! మస్తు కుషీగ పోయిండు. కొత్తంగి ఏసుకొని, నవ్వుకుంట పోయిండు."

పుణ్యాత్ముడు, అనాయాస మరణం అనుకున్నాను. "మీరు ధైర్యంగా ఉండాలమ్మా."

"నాకేమైంది? ఎల్లుండి నేను గూడ పోత."

"అమ్మా! అలాంటి మాటలు అనకూడదు!"

"ఎందుకనొద్దు? పిల్లల్ని గూడ తోల్కపోత. అందరం కలిసి పోదమంటె గీయన ఒక్కడే ముంగట వడ్డడు."

ఇంక వినలేక ఏడుస్తూ ఫోను పెట్టేశాను. ఆ ఇంటికి ఎవరైనా కాపలా ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

పరిశోధనలో ఉన్న మనిషి చనిపోతే ఆ సంగతి ఆలస్యం లేకుండా పైవాళ్లకు తెలియజేయాలి. నేను తెలియజేశాను. నా జీవితంలో ఏ పనీ అంత తప్పుల్లేకుండా చేయలేదు. కంప్యూటర్లో ఆయన పేరు ఎదురుగా 'మరణం' అని నొక్కగానే ఆయన పరిశోధన నంబరు బూడిదరంగుకు మారి, తాళం బొమ్మ పడింది. పెద్ద డాక్టరుగారు వెంటనే తొడుగు వాడకం ఆపించారు. అప్పటికి గదిలో ముగ్గురు పేషెంట్లు తొడుగులు వేసుకుని ఉన్నారు. పరుగున వెళ్లి తీయించాం. అందులో ఒకటి తీస్తుండగా కూడా "ఇంకింత... శభాష్!" అంది. మేడంకు ఫోను చేసి, "మన టైలరుగారు చనిపోయారు మేడం," అని చెప్పాను. ఎంత స్పష్టంగా చెప్పానో నాకిప్పటికీ గుర్తుంది.

ఆమె మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. శామీర్‌పేటలో బంతిపూల దండ కొనుక్కుని మేమిద్దరం మేడ్చల్ బయల్దేరాం. దారిపొడుగునా ఆమె ఏడ్చారు. కొంగుతో ముఖం తుడుచుకోవడం, "రేపే గద పరీక్ష... కత్తెర పడ్తననె..." అనడం, మళ్లీ ఏడవడం. డ్రైవరు కూడా కళ్లు తుడుచుకున్నాడు. నేను దండ వాడిపోకుండా ఒళ్లో జాగ్రత్తగా పట్టుకున్నాను.

ఇంటి ముందు అరుగు మీద టైలరు భార్య కూర్చుని ఉంది. రెండు చేతులకూ మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకుని ఆరబెట్టుకుంటోంది. దుఃఖంలో మతి చలించిందనుకుని, నేను పరుగెత్తి ఆమెను కౌగలించుకోబోయాను. ఆమె చేతులు పైకెత్తి, "బిడ్డా, మైదాకు! మైదాకు!" అని అరిచింది.

మేడం వాకిట్లోనే ఆగిపోయారు. ఏడుపు ఆగిపోయింది. ఆమె చూపు మైదాకు మీదినుంచి నా మీదికి, నా మీదినుంచి దండ మీదికి వచ్చింది.

"మీ ఆయన ఏడి?" అని అడిగారు.

"పోయిండు మేడం. గీ బిడ్డకు సెప్పిన గద."

అప్పుడు మేడం ఆ ప్రశ్న అడిగారు. "ఏడికి?"

"తూప్రాన్. ఎల్లుండి మా మరిది కొడుకు పెండ్లి. పిలగానికి అంగి నేనే కుడ్త, కొలతలు దీస్కొస్తనని పోయిండు. సెయ్యి సక్కగ రాలే ఇంక, ఏం కొలతలంటే ఇంటడా? ఉల్లిగడ్డలు కోసుకుంట గీ బిడ్డకు ఫోన్ల గదే సెప్పిన."

మేడం నా వైపు తిరిగారు. "నువ్వు నాకు పోయిండని సెప్పలే బిడ్డా. సచ్చిపోయిండని సెప్పినవ్."

"మా వైపు పోయాడంటే అదే మేడం," అన్నాను. "ఊరెళ్తే వెళ్లాడంటాం."

"మా దిక్కు సస్తె సచ్చిండంటం, పోతె పోయిండంటం. గింతదానికి పరేషానేంది? పోయిండంటె ఏడికని అడగాలె బిడ్డా. ఏడికని అడగాలె."

ఆమె ఇంకా ఏదో అనబోతుండగా తూప్రాన్ బస్సు దిగి టైలరే నడిచి వచ్చాడు. కొత్త అంగీ, మెడలో టేపు, ఎడమ చంకలో గుడ్డల మూట. మమ్మల్ని చూశాడు, దండను చూశాడు, ముఖం చాటంత చేసుకున్నాడు.

"ఇంక పరీక్షే కాలే. అప్పుడే సన్మానమా?"

నేను దండను వీపు వెనక దాచబోయాను. మేడం నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగారు. "అవు, సన్మానమే. తీస్కో," అన్నారు.

ఎడమ చంకలో మూట ఉంది. అందుకని ఆయన ఆలోచించకుండా కుడిచెయ్యి చాపాడు. పిడికిలి మెల్లగా విచ్చుకుంది. ఒక్కో వేలూ తెరుచుకుంది. దండ బరువుకి మణికట్టు కాస్త వంగింది గాని దండ జారలేదు. మేం ముగ్గురం ఆ చేతినే చూస్తున్నాం. ఆయన ఒక్కడే ఏమీ తెలియక నవ్వుతూ నిలబడ్డాడు.

"రాసుకో బిడ్డా," అన్నారు మేడం, కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. "కుడి సెయ్యి. ఐదు వేళ్లు. ఎవ్వలు సాయం వట్టలే." దండ చుట్టి ఇచ్చిన న్యూస్‌పేపరు అంచు మీద రాసుకున్నాను.

ఆయన్ను చంపడానికి నాకు ఒక్క నొక్కు సరిపోయింది. బతికించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. తాళం పడిన నంబరుకు పరీక్ష జరగదు, పరీక్ష మర్నాడు పొద్దునే. మేడం ఒక బల్ల దగ్గరినుంచి ఇంకో బల్ల దగ్గరికి కాగితం పట్టుకుని తిరిగారు. "యముడు గూడ గిన్ని సంతకాలడుగడు," అని గొణిగారు. పొరపాటుకు కారణం అన్నచోట "వినుటలో తప్పు" అని రాశారు. ఎవరిది అన్నచోట "కోఆర్డినేటర్" అని రాసి సంతకం చేశారు. అది నాది కదా మేడం అని నేను అడ్డుపడ్డాను. "నేర్పుడు నా పని. నేర్పలే. ఇగ జల్దీ నడువు, ఇంక రెండు సంతకాలున్నయ్," అన్నారు. ఆ ఉద్యోగం నాకు మిగిలింది ఆ ఒక్క మాట రాయడం వల్లే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కసారి కూడా నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నంబరుకు తాళం విడిపోయింది. టైలరు తొమ్మిది పుల్లలూ గుచ్చాడు, విసుక్కుంటూ తీశాడు. తొడుగు ఆయన వెంట ఇంటికెళ్లింది. ఎండలు ముదిరేసరికి దుకాణం షట్టరు సగం లేచింది. సగమే ఎందుకండీ అంటే, "సెయ్యి గూడ సగమే లేస్తది బిడ్డా, దానికి తగ్గట్టు," అన్నాడు. ఆ దండ ఏ దండో ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ తర్వాత నేను కనపడితే చాలు, "బిడ్డా, గింత చాయ్ తాగనీకె పోతున్న. రిపోర్టు రాయకు," అనేవాడు.

ఇదంతా అయిన వారానికి మా కేంద్రం గుమ్మం దగ్గర ఒక పొడుగాటి పుస్తకం వెలిసింది. మేడమే స్కేలు పెట్టి గడులు గీశారు. పేరు, పోయిన టైము, ఏడికి, వాపస్ సంతకం. పేషెంట్లయినా డాక్టర్లయినా బయటికి అడుగుపెడితే రాయాల్సిందే. పెద్ద డాక్టరుగారికి ఒళ్లు మండి, మొదటిరోజు ఏడికి అన్నచోట "బాత్రూముకు" అని రాశారు. మేడం దాన్ని అందరికీ చూపించి, "గిట్ల సాఫ్‌గ రాయాలె," అని మెచ్చుకున్నారు. పరిశోధన కాగితాల్లో ఖాళీ గడి ఉంచకూడదు, వివరం లేనిచోట అడ్డగీత కొట్టాలి. ఈ పుస్తకానికీ అదే నియమం. తిరిగి రానివాళ్ల గడిలో మర్నాడు గీత కొట్టడం నా పని.

ఆమె మాత్రం ఏడికి అన్న గడిలో ఊరి పేరుతో ఆగేవారు కాదు. "మేడ్చల్. పోయొస్త." "సిటీకి. పోయొస్త." గడి చాలకపోతే చిన్న అక్షరాలు చేసి ఇరికించేవారు. అంత అవసరమా మేడం అంటే, "పోతున్న అని ఊకె ఇడిసిపెట్టొద్దు బిడ్డా. నీ అసొంటోళ్లు దండ దెస్తరు," అనేవారు.

ఆ మంగళవారం క్యాబు చివరికి అల్వాల్‌కే వెళ్లింది. రైల్వేలో చేసి రిటైరైన ఆమె భర్త వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతిలో ఆమె ఫోను ఉంది. నన్ను చూసి పక్క కుర్చీ చూపించారు.

"ఆరింటికి ఆమె అలారం గొట్టింది. లేవలే," అన్నారు. "ఏడు కాంగనె ఫోన్లు షురువైనయ్. ఇయ్యాల మేడం లేపలే, రావాల్నా వద్దా అని. పోయిందయ్యా అని జెప్పిన. ఒగరన్న అయ్యో అనాలె గద. అందరు ఒక్కటే మాట. ఏడికి?"

ఆయన నవ్వబోయారు. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. "ఎంతమందికని జెప్పాలె బిడ్డా, ఏడికని జెప్పాలె," అన్నారు. నేను కూడా అదే అడిగానని ఆయనతో చెప్పాను. అది విని కొంచెం తేలికపడ్డట్టు తలూపారు.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఇష్టం లేకపోతే మధ్యలో పోవచ్చు, కాని చెప్పి పోవాలె అని ఎంతమందితో తలలూపించారు! తను మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. సామెతలో ముసలమ్మదే తప్పు, కోడి లేకపోయినా బుధవారం తెల్లారింది. పెద్ద డాక్టరుగారు పదిన్నరకు వచ్చారు, చొక్కాకు ఒక గుండీ తప్పిపెట్టుకుని. తొడుగులు రెండు రోజులు స్విచ్చు తీసి బీరువాలో పెట్టాం. ఆ "శభాష్" వినే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

గురువారం టైలరు వచ్చాడు. ఏడాదికోసారి చెయ్యి చూపించుకోవాల్సిన రోజు అది. ఎవరూ లేపకుండా తనే లేచి, బండి కోసం చూడకుండా బస్సులో వచ్చాడట. "మా ఇంట్ల తొడుగు ఇంక ఒర్రుతనే ఉన్నది బిడ్డా, ఇంక ఇప్పు ఇంక ఇప్పు అని. బంద్ జెయ్యబుద్ధి గాలే," అన్నాడు. పుల్లలు గుచ్చాడు. ఆ రోజు వాటిని ఏమీ తిట్టలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పుస్తకం తెరిచాడు. రెండు రోజులుగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. సోమవారం సాయంత్రం ఆమె రాసిందే చివరి వరస. ఏడికి అన్న గడిలో "ఇంటికి. పోయొస్త" అని ఉంది. పక్కన వాపస్ సంతకం గడి ఖాళీగా ఉంది.

ఖాళీ గడి ఉంచకూడదు. అది ఆమె నేర్పిందే. నేను పెన్ను తీసి, అడ్డగీత కొడదామని వంగాను.

టైలరు కుడిచెయ్యి తెచ్చి ఆ గడి మీద పెట్టేశాడు.

"ఉండనియ్యి బిడ్డా," అన్నాడు. "పోయొస్త అని రాసింది గద."

నేను పెన్నుకు మూత పెట్టాను. ఆయన చెయ్యి తీయలేదు. ఐదు వేళ్లూ విచ్చుకుని ఆ కాగితం మీద అలాగే ఉన్నాయి.